అద్దం ఎండ

పోయిన వారం నడిమి గది తలుపు తీసినప్పుడు అక్కడున్న మనుషులు: అమ్మ, నా భార్య శ్రావణి, నేను. నాయన రొయ్యల గుంటల దగ్గరికి వెళ్ళి ఉన్నాడు. గదిలో ఉన్న వస్తువులు, తలుపు దగ్గర మొదలుపెట్టి కుడిచేతి వైపుగా చెబితే: బియ్యం డ్రమ్ము, దాని మూత మీద బోర్లించిన ఇత్తడి సోల, చింతకాయ పచ్చడి జాడీ, ఆవకాయ జాడీ, ఖాళీ జాడీ, నులకమంచం, ఆకుపచ్చ ట్రంకుపెట్టె, మేకుకు వేలాడుతున్న తాటాకు విసనకర్ర, గోడకు ఆనించి పాత చీర కప్పిన సెలూను అద్దం. మంచం మీద పరుపు లేదు. మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, పోయినప్పటి నుంచి ఆ గదిలో ఎవరూ పడుకోవడం లేదు.

శ్రావణి నెల్లూరు టౌనులో, అపార్ట్‌మెంటులో పెరిగింది. పాత వస్తువులతో పడకగదులు అలంకరించేవాళ్ళ వీడియోలు ఈమధ్య ఫోనులో వదలకుండా చూస్తోంది. చీర తొలగించి అద్దం చూడగానే దాని ముందు చతికిలబడింది. అంచుల వెంట పూత పోయి గోధుమరంగు మచ్చలు పడిన అద్దం అది.

"ఈ మచ్చల కోసమే జనం ఎగబడతా ఉన్నారు అత్తయ్యా. మీరేమో చీర కప్పి పెట్టినారు. ఈ గది మాకిచ్చేయండి, వచ్చినప్పుడల్లా ఇక్కడే పడుకుంటాం. పెట్టె మంచం కాళ్ళ కాడ, అద్దం ఎదురుగా, గోడలకు తెల్లరంగు. ఇంకేం అక్కర్లేదు."

"చీకటి కొట్టు తల్లీ ఇది," అంది అమ్మ. "దీన్ని బాగుచెయ్యాలని మీ ఆయన ఒకసారి నడుం కట్టినాడులే. అడుగు."

శ్రావణి నా వైపు తిరిగింది. నేను గోడ చూస్తున్నాను. మంచం వెనక గోడ మీద, కూర్చున్న మనిషి చెయ్యి ఆనేంత ఎత్తులో, సున్నం నల్లబడి నూనె పట్టినట్టు ఒక పట్టీ ఉంది. పెట్టె పైన మొదలై డ్రమ్ము దాకా పోతుంది. తెల్లరంగు వేస్తే మొదట పోయేది అదే.

అల్లూరుకు తూర్పున, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉన్న పాత మిద్దె మాది. తాత, చిన్నతాత భాగాలు పంచుకున్నప్పుడు ఇంటిని నిలువునా రెండు చేశారు. మావైపు ఒక పద్ధతి ఉంది. పంపకం అయ్యాక ఒకరి కిటికీ ఇంకొకరి వాటాలోకి తెరుచుకోకూడదు, మాటామాటా రాకుండా ఉండాలని. నడిమి గదికి ఉన్న ఒకే ఒక్క కిటికీ చిన్నతాత వైపు తెరుచుకునేది. దాన్ని ఇటుకలు పెట్టి మూసేశారు. ఆ రోజు నుంచి అది చీకటి గది. పాత బియ్యం వాసన, ఎండు రొయ్యల వాసన, ఆముదం వాసన కలిసిపోయి, తలుపు తీయగానే ముందు ముక్కుకు అది గది అని తెలిసేది, తర్వాతే కళ్ళకు తెలిసేది. తాత పోయాక ముందరి పెద్ద గది మాకు వదిలేసి, అవ్వ తనే అడిగి అందులోకి మారింది. చల్లగా ఉంటుందంది. మేం నమ్మాం. నిజంగానే చల్లగా ఉండేది.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా ముగించి, ఉద్యోగం పిలుపు కోసం ఇంట్లో కూర్చున్న రోజులవి. అప్పటికి అవ్వ చేతి కింద మిగిలింది ఆ గది ఒక్కటే. వరి పొలం రొయ్యల గుంట అయింది, గేదెల్ని అమ్మేశారు, పొయ్యి అమ్మ చేతికి వెళ్ళింది. కానీ బియ్యం, పచ్చళ్ళు, ఎండు రొయ్యలు అవ్వ తీసి ఇస్తేనే బయటికి రావాలి. తెల్లవారగానే సోల ముంచి, అంచు వెంట బొటనవేలు తిప్పి, నిండిందని తేల్చుకుని చాటలో పోసేది. రాళ్ళు ఏరడం మాత్రం నాకు అప్పగించేది. "నీవి లేత కళ్ళురా, నువ్వు ఏరు," అనేది. అమ్మకు ఆ గదిలో ఏం కావాలన్నా టార్చిలైటు ఉండాలి. అవ్వ ఏ జాడీ అడిగినా చెయ్యి చాపి అందుకునేది. "మా అత్తకు పిల్లికళ్ళు," అని అమ్మ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పేది. అవ్వ నవ్వేది. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె ఎంత నిశ్చింతగా నవ్వేదో నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం అవ్వ ముందరి వాకిట్లో పడిపోయింది. గుంటల్లో నీళ్ళు చిలికే ఏరియేటరు మోటారు ఒకటి పాడైతే, నాయన రిపేరుకని తెచ్చి మెట్టు పక్కన పెట్టాడు. దానికి తట్టుకుంది. మోచెయ్యి చెక్కుకుపోయింది, ఎముక విరగలేదు. "ఆ చీకట్లోంచి ఒక్కసారిగా ఎండలోకొస్తే ఎవరికైనా కళ్ళు బైర్లు కమ్ముతాయి," అన్నాడు నాయన. అందరం తల ఊపాం. ఎండలో పడిన మనిషికి చీకటి గదిని కారణంగా చెప్పుకున్నాం. అందులో తేడా ఉందని ఎవరికీ తోచలేదు, లెక్కలు చదివిన నాకు కూడా.

"రేపట్నుంచి హాల్లో పడుకోమ్మా. మంచం ఆడేయిస్తా," అన్నాడు నాయన.

"నేను రాను."

"మళ్ళీ పడి తుంటి ఇరగ్గొట్టుకుంటే ఎవరు చూడాల?"

"నువ్వు చూడబాకలే. ఇల్లంతా తీసుకున్నారు, ఆ కొట్టు కూడా కావాల్సొచ్చిందా?" అని నా వైపు మొహం తిప్పింది. "ఏరా అబ్బయ్యా, కరెంటు చదువు చదివినావు గదా. నా గది నా కాడ్నుంచి పెరుక్కోకుండా ఏదన్నా చెయ్యరా."

గది వెలుగైతే అవ్వ అందులోనే ఉండొచ్చని నాయన ఒప్పుకున్నాడు. దారులన్నీ కాగితం మీద రాసుకున్నాను. కిటికీ మళ్ళీ తెరవడం: అవతలి వాటా, కుదరదు. మిద్దెకు కంత కొట్టి అద్దం బిగించడం: తుపాను వానకు కారుతుంది, నాయన ఒప్పుకోడు. బల్బు: గుంటల్లో మోటార్లు తిరిగితే వోల్టేజీ పడిపోయేది. అదీ కాక, నేను పెట్టిన ఎల్‌ఈడీ బల్బును "సూదులు గుచ్చినట్టుందిరా" అని అవ్వ ఆర్పేసింది. మిగిలింది అద్దాలు. పెరట్లో బావి గట్టు మీద ఒక పెద్ద అద్దం పెడితే పొద్దుటి ఎండ నడవలోకి కొడుతుంది. నడవ చివర గోడకు ఇంకో అద్దం బిగిస్తే ఆ ఎండ మళ్ళి గదిలోకి వస్తుంది. కోణాలు గీసి చూశాను. లెక్క సరిపోయింది.

కొత్తవి కొనే స్తోమత లేదు కాబట్టి పాతవాటి వెంటపడ్డాను. ఇప్పుడు శ్రావణి ముచ్చటపడి వెతుకుతున్న వస్తువులన్నీ అప్పట్లో జనం వదిలించుకుంటున్నవే. అల్లూరులో మస్తానన్న సెలూనుకు కొత్త అద్దాలు పెట్టిస్తున్నాడు. పాత అద్దం తీసిస్తూ దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"మీ నాయన పెళ్ళికి క్షవరం చేయించుకుని దీంట్లోనే చూసుకున్నాడబ్బయ్యా. ఇప్పటి పిలకాయలు మొహం మచ్చలుగా కనపడతా ఉందంటారు. మచ్చలు అద్దానివా మొహానివా అని నేను అడగలేను గదా."

మిగతావి బుచ్చిరెడ్డిపాలెం రోడ్డులో దొరికాయి. అక్కడ రమణమ్మక్క అని ఒకావిడ పాత కలప అడితి నడిపేది. పడగొట్టిన పాత ఇళ్ళ తలుపులు, ద్వారబంధాలు, స్తంభాలు గోడలకు ఆనించి, వాటి మధ్య కుర్చీ వేసుకుని కూర్చునేది. పై సగానికి గాజు పలకలున్న జంట తలుపులు, పొట్టి టేకు బీరువా, విరిగిన ఇంకో బీరువాకు ఉండిన నిలువుటద్దం ఏరి ఒక పక్కన పెట్టాను.

"ఏ పెళ్ళికొడుక్కి అబ్బయ్యా ఈ గది?"

"మా అవ్వకక్కా."

"అవ్వకా! నిలువుటద్దం, అద్దాల తలుపులు... మీ అవ్వ మళ్ళీ ఎవర్నన్నా చేసుకుంటా ఉందా ఏంది?" అని పనివాళ్ళతో కలిసి నవ్వింది. సంగతి చెప్పాను. నవ్వు ఆపి లోపలికి వెళ్ళి, ఒక పేము కుర్చీ తెచ్చి ట్రాలీ ఆటోలో తనే పెట్టింది. "మా అమ్మకని ఉంచినా. ఆమె కూర్చోకుండానే పోయింది. తీస్కపో."

అవ్వను కొడవలూరులో ఉన్న మేనత్త ఇంటికి పంపించి పని మొదలుపెట్టాను. ట్రంకుపెట్టె అటక మీదికి, జాడీలు వంటింట్లోకి, డ్రమ్ము మూలకు జరిగాయి. గోడలకు నీలిమందు కలిపిన సున్నం కొట్టాను. చెక్క తలుపు తీసి గాజు పలకల తలుపులు బిగించాను. పెట్టె ఉన్న చోట టేకు బీరువా, దాని పక్కన పేము కుర్చీ. సెలూను అద్దం బావి గట్టు మీదికి, నిలువుటద్దం నడవ చివర గోడకు చేరాయి. వెలుగు కొలిచే యాప్ ఫోనులో వేసుకుని ముందూ తర్వాతా కొలిచాను. నాలుగు లక్స్ ఉన్న గది రెండు వందలు దాటింది. అమ్మ వచ్చి గోడల వంక, తలుపుల వంక చూసి, "మన ఇల్లేనా ఇది?" అంది. బాగుంది అని ఎప్పుడూ అనని నాయన, అద్దం ముందు నిలబడి మీసం సర్దుకున్నాడు.

అవ్వ వచ్చిన మర్నాటి పొద్దున అద్దాలు రెండూ సరిచేశాను. గోడ మీద చాటంత ఎండ పడింది. పుట్టిన దగ్గర్నుంచి ఈ పని మొదలుపెట్టేదాకా ఆ గోడ మీద ఎండ చూసి ఎరగను. అవ్వను చెయ్యి పట్టి తెచ్చి గుమ్మంలో నిలబెట్టాను. అమ్మ, నాయన వెనక నిలబడ్డారు.

"ఎట్టుందవ్వా?"

"బ్రమ్మాండంగా ఉండాది," అంది అవ్వ. మొహం ఎండ లేని గోడ వైపు ఉంది.

అమ్మ నవ్వబోయి ఆగిపోయింది. అవ్వ లోపలికి నడిచింది, ఎప్పటిలాగే తడబడకుండా. పెట్టె ఉండాల్సిన చోట చెయ్యి కిందికి చాపింది. బీరువా అంచు మోకాలికి కొట్టుకుంది. వెనక్కి తగ్గి గోడ పట్టుకుంది. గోడ వెంట అరచెయ్యి జరుపుకుంటూ వచ్చి ఎండ మీద ఆగింది. కాసేపు అక్కడే పెట్టుకుంది. "ఈడుండాదా," అంది, తనలో తాను అనుకున్నట్టుగా.

నాయన ముందుకు వచ్చాడు. "అమ్మా. నీకు కనపడతా ఉందా లేదా?"

"కనపడకేం?"

"నా చొక్కా ఏం రంగు?"

"తెల్లది. నువ్వు ఇంకోటి ఏసింది ఎప్పుడు?"

నాయన ఒంటి మీద చొక్కా లేదు. భుజాన తువ్వాలు ఉంది, అంతే. గోడ మీద ఎండ మెల్లగా జరిగి అవ్వ చేతి మీద నుంచి పక్కకు పోయింది. ఆమె చెయ్యి దాని వెంట జరిగింది.

నెల్లూరులో కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నీటికాసులు అన్నారు. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు నరం నెమ్మదిగా ఎండిపోయే జబ్బు. చూపు పక్కల నుంచి మూసుకుంటూ వస్తుందట. నేను వరసగా అడుగుతూ పోయాను: కళ్ళద్దాలు, ఆపరేషను, లెన్సు, ఎంత వెలుతురు ఉంటే సరిపోతుంది. డాక్టరమ్మ అన్నీ విని, "వెలుతురు తక్కువై కాదు బాబూ. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కలు వేస్తే మిగిలింది కొన్నాళ్ళు నిలుస్తుందేమో," అంది. అవ్వ గదికి నేను గీసుకున్న కోణాల కాగితం ఇంకా జేబులో ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియక మందుల చీటీతో కలిపి మడత పెట్టాను.

తిరుగు బస్సులో అవ్వ కిటికీ పక్కన కూర్చుంది. ఉడికిన వడ్ల వాసన రాగానే, "కొడవలూరు వచ్చినట్టుండాది," అంది. మిల్లులు అప్పుడే నాకు కనబడుతున్నాయి.

"ఎప్పట్నుంచి అవ్వా?"

"మీ తాత ఉండంగానే పక్కలు పోతా వచ్చినాయిలే. ఆయన పోయినాక ఆ కొట్టు అడిగింది దానికే. ఆడ ఎవరికీ కనపడదు గదా. నేను ఒక్కదాన్నే గుడ్డిదాన్ని కాను."

"మాకు చెప్పుంటే..."

"చెప్తే ఏం చేస్తారు? ఇప్పుడు చేస్తారు చూడు." నా మోకాలు తట్టి, "ముక్కు ఎగబీల్చబాక, అందరూ చూస్తారు," అంది.

ఆమె చెప్పినట్టే చేశాం. హాల్లో ఫ్యాను కింద మంచం వేశాం. అమ్మ వేళకు చుక్కలు వేసేది, అన్నం కలిపి చేతికిచ్చేది, స్నానానికి చెయ్యి పట్టి తీసుకెళ్ళేది. ఎవరూ ఒక్క మాట తూలలేదు. అవ్వ లేవబోతే ముగ్గురం ఒకేసారి "ఉండు ఉండు" అనేవాళ్ళం. బియ్యం అమ్మే కొలిచేది. అవ్వ కాళ్ళు పైకి ముడుచుకుని, ఏ చప్పుడైనా "ఎవరదీ?" అని అడుగుతూ మంచం మధ్యలో కూర్చునేది. అంతకు ముందు ఏ అడుగు ఎవరిదో ఆమెకు అడగకుండానే తెలిసేది. హాల్లో టీవీ, ఫ్యాను, వచ్చేపోయే వాళ్ళు, అన్నీ కలిసి ఆమె చెవుల్ని కూడా పనికి రాకుండా చేశాయి. నాకు అర్థమవుతూనే ఉంది. దానికి ఏం చేయాలో ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఒక మధ్యాహ్నం మంచం ఖాళీగా కనిపించింది. నాయనా నేనూ వెతుక్కుంటూ నడిమి గదికి వెళ్ళాం. అవ్వ గది మధ్యలో నిలబడి ఉంది. రెండు చేతులూ కొంచెం ముందుకు చాచి, దేన్నీ అందుకోలేక, అటో ఇటో తేల్చుకోలేక నిలబడి ఉంది. అంత వెలుగున్న గదిలో ఆమెకు తెలిసిన వస్తువు ఒక్కటీ లేదు.

నాయన నిచ్చెన తెచ్చి అటక మీది ట్రంకుపెట్టె తనే దించాడు. "ఇది యాడుండేదమ్మా?" అని అడిగాడు.

"గోడకానించు. ఇంకా. జానెడు ఇటు. ఆఁ, అంతే."

సాయంత్రం దాకా ఆమె చెబుతూనే ఉంది, మేం జరుపుతూనే ఉన్నాం. డ్రమ్ము, జాడీలు, మంచం, విసనకర్ర మేకు కూడా. టేకు బీరువా హాల్లోకి, పేము కుర్చీ వరండాలోకి వెళ్ళాయి. గాజు తలుపులు తీసి పాత చెక్క తలుపే మళ్ళీ పెట్టాం. చెయ్యి వేస్తే తనకు తెలిసేది ఆ తలుపేనంది. నేను తెచ్చినవాటిలో ఒక్కటే ఉంచమంది. "ఆ అద్దం ఎండ మటుకు ఉండనీండి. చేతికి బాగుంది."

అట్లా అవ్వ తన గదిలోనే ఉండిపోయింది. పొద్దున అద్దం పెట్టగానే మంచం మీద కూర్చుని గోడకు అరచెయ్యి ఆనించేది. ఎండ పెట్టె పైనుంచి బయలుదేరి డ్రమ్ము వైపు జరిగేది, చెయ్యి వెంట పోయేది. డ్రమ్ము దగ్గరికి రాగానే, "బియ్యం పోస్తా, చాట తేండి," అని కేకేసేది. సూర్యుడు రుతువుతో జరుగుతాడు కాబట్టి బావి గట్టు మీద అద్దాన్ని తరచూ తిప్పి పెట్టాలి. నాకు పోర్టు వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఉద్యోగం వచ్చాక ఆ పని నాయన అందుకున్నాడు. గుంటలకు వెళ్ళే ముందు అద్దం తుడిచి, నడవలోకి తొంగిచూసి, సరిచేసి వెళ్ళేవాడు. కోణం గురించి నన్ను ఎప్పుడూ అడగలేదు. చుక్కలు క్రమం తప్పకుండా వేసినా చూపు మిగలలేదు. మొదట మనుషుల నీడలు పోయాయి, తర్వాత రంగుల జాడ, చివరికి పగలు రాత్రి తేడా కూడా. సెలవుకు వచ్చినప్పుడల్లా నేను ఏదో ఒకటి తెచ్చేవాడిని, మాట్లాడే గడియారం, చేతికర్ర. ఆమె తడిమి చూసి, బాగుందని చెప్పి, పెట్టెలో వేసేది.

చివరి వేసవిలో ఆమె మంచం దిగలేదు. నాయన పొద్దున్నే అద్దం పెట్టి వచ్చి, ఆమె చెయ్యి పట్టి గోడకు ఆనించేవాడు. ఒకరోజు నేనూ అక్కడే ఉన్నాను. ఎండ సరిగ్గా ఆమె చేతి మీదే ఉంది. ముడతలు, గాజు, గోళ్ళు అన్నీ మెరుస్తున్నాయి.

"మబ్బేసిందా?" అని అడిగింది అవ్వ.

నాయన నా వంక చూశాడు. "అవునమ్మా," అన్నాడు. "మబ్బే."

ఇదంతా శ్రావణికి చెప్పలేదు. చీర మళ్ళీ అద్దం మీద కప్పి, రేపు చూద్దామన్నాను. రాత్రి భోజనాలయ్యాక వంటింట్లో అమ్మ చెప్పినట్టుంది. తెల్లవారి నేను లేచి వచ్చేసరికి నాయన అద్దాన్ని బావి గట్టు మీదికి చేర్చి తువ్వాలుతో తుడుస్తున్నాడు. నడవ గోడకు బిగించిన నిలువుటద్దం ఎక్కడిదక్కడే ఉంది. నాయన రెండుసార్లు అటూ ఇటూ తిప్పాడు. గదిలో నల్లటి పట్టీ మీద, పెట్టె పైన, చాటంత ఎండ వచ్చి నిలిచింది.

శ్రావణి మంచం మీద కూర్చుని గోడకు అరచెయ్యి పెట్టింది. రంగు సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ గదిని ఏం చేయాలో మాకు ఇప్పటికీ తెలియదు. ప్యానెల్ బోర్డుల్లో జాయింట్లు వేడెక్కుతున్నాయేమో చూసుకునే టెంపరేచర్ గన్ ఎప్పుడూ నా బ్యాగులో ఉంటుంది. తెచ్చి గోడకు గురిపెట్టాను. నీడ ఉన్న చోట ఇరవై తొమ్మిది డిగ్రీలు. ఎండ ఉన్న చోట ముప్పై ఏడు.